బంతి వేసినోడు కాదు... బుట్ట కాసినోడు!

పదహారేళ్లు ఆడాడు. 1,088 మ్యాచ్‌లు ఆడాడు. లెక్క తీస్తే మ్యాచ్‌కు సగటున ఆరు పాయింట్లు కూడా లేవు. ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబెట్టి ‘వెయ్యి నాయనా’ అని చేతికి బంతి ఇచ్చినా, వందకు 41 మాత్రమే బుట్టలో పడేవి. కాలేజీ నుంచి బయటికొచ్చిన ఏడాది ఒక్క జట్టు కూడా ఆయన పేరు పిలవలేదు.

ఇలాంటి ఆటగాణ్ని ఎవరైనా గొప్పోడంటారా?

అనాలి. అనకపోతే ఆటను సగమే చూసినట్టు. ఆయన పేరు బెన్ వాలెస్. అమెరికాలోని డెట్రాయిట్ పిస్టన్స్ జట్టును 2004లో ఎన్‌బీఏ చాంపియన్‌గా నిలబెట్టిన వాళ్లలో మూలస్తంభం. జోర్డాన్, కోబీ, లెబ్రాన్, కర్రీ... ఈ పేర్లు ఆట తెలియనోళ్లకు కూడా తెలుసు. బెన్ వాలెస్ పేరు మాత్రం ఆట ఆడేవాళ్లలోనే చాలామంది మర్చిపోయారు. అందుకే ఈ నాలుగు మాటలు.

కబాయన్ల పుణ్యమా అని...

మేం ఖతార్‌లో కట్టుబడి పనుల మీద ఉన్నోళ్లం. సైట్ సూపర్‌వైజర్లు, ఫోర్‌మెన్లు, స్టీల్ ఫిక్సర్లు, సెంట్రింగ్ కార్పెంటర్లు... అన్ని రకాలవాళ్లం ఉన్నాం. ఊళ్లో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఆడి పెరిగినోళ్లమే గానీ బాస్కెట్‌బాల్ చూసింది తక్కువ. ఈ ఆట మాకు దగ్గరైంది ఫిలిప్పీన్స్ వాళ్ల వల్ల. గల్ఫ్‌లో వాళ్లను అందరం ‘కబాయన్’ అనే పిలుస్తాం. మనకు క్రికెట్ ఎట్లాగో వాళ్లకు బాస్కెట్‌బాల్ అట్లాగ. ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టింది కూడా వాళ్లే, 1975లో. శుక్రవారం సెలవు దొరికిందంటే చాలు, ఎండ కాస్త తగ్గగానే బంతి పట్టుకుని దిగిపోతారు. మనిషి తక్కువైతే ‘రా భయ్యా’ అని మనోళ్లను కూడా లాగుతారు.

అట్లా మొదలైన సరదా ఇప్పుడు ముదిరింది. క్యాంపు రూముల్లో రాత్రి ఫోన్లలో పాత ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూసేదాకా వచ్చింది. పైగా 2027 బాస్కెట్‌బాల్ ప్రపంచ కప్‌ను దోహాకు అప్పగిస్తూ అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2023లోనే నిర్ణయం తీసుకుంది. దాంతో మా మధ్య ఈ ఆట ముచ్చట్లు ఇంకా పెరిగాయి. ‘ఎవరు గొప్ప’ అన్న వాదన వస్తే మా గదుల్లో ఎక్కువ చేతులు బెన్ వాలెస్‌కే లేస్తాయి. ఎందుకో చెబుతాం.

పదకొండు మందిలో పదోవాడు

అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రం. అందులో లౌండెస్ కౌంటీ. పత్తి పండించిన నేల. అక్కడ వైట్ హాల్ అనే చిన్న ఊళ్లో 1974 సెప్టెంబరు 10న బెన్ పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో పదోవాడు.

ఆ ఊరికి ఓ చరిత్ర ఉంది. నల్లజాతి వాళ్ల ఓటు హక్కు కోసం 1965లో సెల్మా నుంచి మాంట్‌గోమరీకి సాగిన పాదయాత్ర ఈ కౌంటీ మీదుగానే వెళ్లింది. ఓటరుగా పేరు రాయించుకున్నారన్న కోపంతో భూస్వాములు కౌలు కుటుంబాలను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. దిక్కులేక ఆ కుటుంబాలు డేరాలు వేసుకుని బతికిన చోటు వైట్ హాల్‌లోనే ఉంది. బెన్ పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందటి మాట ఇది. అంటే ఆ తరం వాళ్ల చేతుల్లోనే ఆయన పెరిగాడు.

ఇంటి దగ్గర అన్నలతో కలిసి ఆడేవాడు. చిన్నోడికి బంతి ఎవరిస్తారు చెప్పండి? ‘పక్కన నిలబడు’ అంటారు. బంతి కావాలంటే రెండే దారులు. గురి తప్పి పైకి లేచిన బంతిని అందరికన్నా ముందు అందుకోవాలి. లేదంటే ఎదుటోడి చేతిలోంచి లాక్కోవాలి. తర్వాతి రోజుల్లో లోకం మెచ్చుకున్న విద్యకు ఓనమాలు పడింది అక్కడే.

1991లో న్యూయార్క్ జట్టు ఆటగాడు చార్లెస్ ఓక్లీ అలబామాలో కుర్రాళ్ల కోసం శిక్షణ శిబిరం పెట్టాడు. ఫీజు 50 డాలర్లు. ఇంట్లో అడిగే పరిస్థితి లేదు. బెన్ కత్తెర పట్టాడు. ఊళ్లో వాళ్లకు క్షవరం చేసి తలకు 3 డాలర్లు తీసుకున్నాడు. లెక్క వేయండి... పదిహేడు తలలైతే గానీ ఆ ఫీజు తేలదు! శిబిరంలో ఓక్లీ ఈ కుర్రాణ్ని ముఖాముఖి ఆటకు పిలిచి గట్టిగానే పరీక్షించాడు. కుర్రాడు వెనక్కి తగ్గలేదు. ఆ పట్టుదల ఓక్లీ మనసులో ఉండిపోయింది.

తర్వాత క్లీవ్‌లాండ్‌లో కయహోగా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివాడు. మన పాలిటెక్నిక్‌ల్లాగ, నేరుగా పెద్ద యూనివర్సిటీ మెట్లు ఎక్కలేనోళ్లకు అది తొలి మెట్టు. డిప్లొమా చదువుతో ఎడారికి వచ్చినోళ్లం కాబట్టి ఆ మెట్టు విలువ మాకు తెలుసు. అక్కణ్నుంచి ఓక్లీ మాట మీద, ఓక్లీ చదివిన వర్జీనియా యూనియన్ యూనివర్సిటీకే వెళ్లాడు. అది కూడా రెండో శ్రేణి జట్ల పోటీల్లో ఆడే చిన్న కాలేజీయే. టీవీ కెమెరాలు అటు వచ్చేది తక్కువ.

58 మందిని పిలిచారు... ఆయన్ను పిలవలేదు

ఎన్‌బీఏలో ఏటా ‘డ్రాఫ్ట్’ అని ఒకటి జరుగుతుంది. జట్లన్నీ వరుసగా ఒక్కో కొత్త కుర్రాణ్ని ఎంచుకుంటాయి. మనూళ్లలో లేబర్ అడ్డా మీద పొద్దున్నే నిలబడితే మేస్త్రీ వచ్చి ‘నువ్వు రా, నువ్వు రా’ అని వేలు చూపిస్తాడే, అట్లాంటిదే. కాకపోతే సూట్లు వేసుకుని, టీవీలో చూపిస్తూ చేస్తారు.

1996 డ్రాఫ్ట్‌లో 58 మందిని పిలిచారు. అలెన్ ఐవర్సన్, రే అలెన్, కోబీ బ్రయంట్, స్టీవ్ నాష్... అందరూ ఆ ఏడాది వాళ్లే. కోబీది పదమూడో పేరు. బెన్ వాలెస్ పేరు మొదటా లేదు, చివరా లేదు.

కారణం? ఎత్తు. బుట్ట కింద నిలబడే సెంటర్ ఆటగాడంటే ఏడడుగుల మనిషి ఉండాలని అప్పటి లెక్క. బెన్‌కు రికార్డుల్లోనే 6 అడుగుల 9 అంగుళాలు. పోనీ దూరం నుంచి బంతి వేయగలడా అంటే అదీ రాదు. ‘సెంటర్‌కు పొట్టి, మిగతా వాటికి మొరటు’ అని తీర్మానించేశారు. ఇటలీలో ఓ క్లబ్‌కు వెళ్లి చూశాడు, కుదర్లేదు. బోస్టన్ జట్టు పిలిచి వేరే స్థానంలో పరీక్షించింది, ఉంచుకోలేదు. చివరికి 1996 అక్టోబరులో వాషింగ్టన్ జట్టు చేర్చుకుంది. మొదటి ఏడాది బెంచీ మీదే ఎక్కువ సేపు. ఆడించిన రోజున కూడా సగటున ఆరు నిమిషాలే.

ఇంత దూరం వచ్చినోళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. మనలో చాలామంది ఒక పనికని వచ్చి ఇంకో పనిలో దిగినోళ్లమే. అయితే బెన్ వాలెస్ ఆ ఆరు నిమిషాల్లో ఏం చేశాడన్నదే ముఖ్యం. ‘నన్ను పాయింట్లు వేయనివ్వండి’ అని అడగలేదు. ఎవరూ ఇష్టపడి చేయని పనిని వెతుక్కున్నాడు. కింద పడ్డ బంతి, పైకి లేచిన బంతి, ఎవరిదీ కాని బంతి... అది నాది అన్నాడు.

కొసరుగా వచ్చి...

1999లో వాషింగ్టన్ ఆయన్ను ఓర్లాండోకు పంపింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఓర్లాండో డెట్రాయిట్‌కు పంపింది. ఈ రెండో బేరం గురించి కాస్త వివరంగా చెప్పాలి.

అప్పట్లో డెట్రాయిట్‌కు గ్రాంట్ హిల్ అనే పెద్ద స్టార్ ఉండేవాడు. ఓర్లాండో వెళ్లిపోతానన్నాడు. ఆపే దారి లేదు. ఊరికే పోగొట్టుకునే బదులు ఏదో ఒకటి రానీ అని డెట్రాయిట్ ఓ ఒప్పందం చేసుకుంది. హిల్‌ను ఇచ్చి బదులుగా ఇద్దర్ని తీసుకుంది. చకీ అట్కిన్స్ ఒకడు, బెన్ వాలెస్ ఇంకొకడు. కొత్త ఒప్పందంలో హిల్‌కు ఏడేళ్లకు సుమారు 9 కోట్ల 30 లక్షల డాలర్లు. బెన్‌కు ఆరేళ్లకు సుమారు 3 కోట్లు. కూరగాయలు కొన్నప్పుడు కొసరుగా వేసే కరివేపాకులాగ చూశారు ఆయన్ను.

తర్వాత ఏమైంది? పాపం హిల్ చీలమండ గాయంతో కుదేలయ్యాడు. ఓర్లాండోలో మొదటి మూడు సీజన్లు కలిపి 47 మ్యాచ్‌లే ఆడగలిగాడు. అది ఆయన తప్పు కాదు, తలరాత. ఆ తర్వాత కోలుకుని మళ్లీ ఆడాడు, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌కూ ఎక్కాడు. కొసరుగా వచ్చిన బెన్ మాత్రం డెట్రాయిట్ కొత్త జట్టుకు పునాదిరాయి అయ్యాడు.

2000-01 సీజన్‌లో డెట్రాయిట్ 32 గెలిచి 50 ఓడింది. మరుసటి సీజన్ సరిగ్గా తిరగబడింది. 50 గెలుపు, 32 ఓటమి! కొత్త కోచ్ రిక్ కార్లైల్ వచ్చాడు, ఇంకొందరు మంచి ఆటగాళ్లు కలిశారు, నిజమే. కానీ ఆ ఏడాది రీబౌండ్లలో లీగ్ మొత్తానికి మొదటివాడు బెన్, మ్యాచ్‌కు 13. అడ్డుకున్న బంతుల్లో కూడా మొదటివాడు ఆయనే, మ్యాచ్‌కు 3.5. ఆ తర్వాతి ఏడాది రీబౌండ్లు 15.4కు పెరిగాయి. పాయింట్లు మాత్రం ఎప్పట్లాగే... ఏడు!

కనబడని పని

రీబౌండ్ అంటే ఏంటో తెలియనోళ్లకు ఓ మాట. బుట్టకేసి విసిరిన ప్రతి బంతీ లోపల పడదు. ఆ రోజుల్లో ఎన్‌బీఏలో ఆట నడుస్తుండగా వేసిన వందలో సుమారు 44 పడేవి. మిగతా 56 రింగుకో బోర్డుకో తగిలి తిరిగొచ్చేవి. ఆ తిరిగొచ్చిన బంతి ఎవరి చేతిలో పడితే ఆట వాళ్లది. ఎదుటి జట్టు మళ్లీ పట్టుకుందంటే వాళ్లకు రెండో ఛాన్స్ ఇచ్చినట్టే. మనం పట్టుకుంటే అక్కడితో వాళ్ల దాడి బంద్.

ఇది ఎగిరితే వచ్చే పని కాదు. బంతి గాల్లో ఉండగానే అందరూ దాని వంకే చూస్తారు. రీబౌండ్ పట్టేవాడు మాత్రం ముందు మనిషిని చూస్తాడు. ఎదుటోణ్ని వీపుతో ఆపి, కాళ్లు వెడల్పు చేసి, చోటు ఖాయం చేసుకుంటాడు. ఎడమ మూల నుంచి వేస్తే గురి తప్పిన బంతి ఎక్కువసార్లు కుడి వైపే పోతుంది. అది ముందే ఊహించి అక్కడికి జరుగుతాడు. అప్పుడు ఎగురుతాడు. తనకన్నా నాలుగంగుళాలు పొడుగున్నోళ్ల మధ్య బెన్ వాలెస్ నిలబడింది ఈ చోటు లెక్కతో, దుక్క లాంటి ఒంటితో.

ఇక బంతిని అడ్డుకోవడం. అడ్డుకున్నది కాగితం మీద ఎక్కుతుంది. కానీ బుట్ట కింద ఈయన ఉన్నాడని చూసి ఎదుటోడు లోపలికి రావడమే మానేసి, దూరం నుంచి కష్టమైన బంతి వేస్తాడే... అది ఏ కాగితం మీదా ఎక్కదు. జరగని పనికి లెక్కరాసే పట్టీ ఏ ఆటలోనూ లేదు.

మా సైట్ భాషలో చెబితే త్వరగా అర్థమవుతుంది. కాలమ్ కాంక్రీట్ పోసేటప్పుడు వైబ్రేటర్ పట్టే మనిషి ఒకడుంటాడు. చెవులు గింగుర్లెత్తే చప్పుడులో, చేతులు తిమ్మిరెక్కుతుంటే, ఏ మూలా గాలి మిగలకుండా సూదిని దించుతూ తీస్తూ ఉంటాడు. వాడు సరిగ్గా చేస్తే మర్నాడు సెంట్రింగ్ విప్పినప్పుడు చూడ్డానికి ఏమీ ఉండదు. నున్నటి కాలమ్, అంతే. ఎవరూ ‘శభాష్’ అనరు. సరిగ్గా చేయకపోతే మాత్రం తేనెపట్టులా తొర్రలు కనిపిస్తాయి. అప్పుడు అందరికీ వాడే గుర్తొస్తాడు. బెన్ వాలెస్ చేసిందీ ఇట్లాంటి పనే. బాగా చేసినంత కాలం కంటికి ఆనదు.

పనికి పోయే జట్టు

డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు. జట్టు పేరు ‘పిస్టన్స్’ కూడా గొప్ప కోసం పెట్టింది కాదు. ఫ్రెడ్ జోల్నర్ అనే పిస్టన్ల ఫ్యాక్టరీ యజమాని ఫోర్ట్ వేన్ ఊళ్లో పెట్టిన జట్టది. 1957లో డెట్రాయిట్‌కు మారింది. బెన్ వాలెస్ రోజుల్లో ఆ జట్టు నినాదం ఒక్కటే... ‘పనికి పోతున్నాం’. వినడానికి మన క్యాంపు బస్సెక్కుతున్నట్టే ఉంటుంది!

చాన్సీ బిలప్స్ అప్పటికే నాలుగు జట్లు తిరిగి వచ్చినోడు. రిచర్డ్ హ్యామిల్టన్‌ను వాషింగ్టన్ వదులుకుంది. టేషాన్ ప్రిన్స్ బక్కపల్చటి కుర్రాడు. 2004 ఫిబ్రవరిలో రషీద్ వాలెస్ వచ్చి చేరాడు. ఇంటిపేరు ఒకటే గానీ బెన్‌కు చుట్టం కాదు. కోచ్ ల్యారీ బ్రౌన్. ఆ మార్చిలో వరుసగా ఐదు మ్యాచ్‌ల్లో ఎదుటి జట్టును 70 పాయింట్లు చేరనివ్వలేదు. అంతకుముందు ఏ జట్టూ చేయని పని అది.

జూన్‌లో ఫైనల్. ఎదురుగా లాస్ ఏంజెలిస్ లేకర్స్. 7 అడుగుల 1 అంగుళం షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్... నలుగురూ మహామహులే. డెట్రాయిట్ గెలుస్తుందన్నోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సినంత మందే.

డెట్రాయిట్ వేసిన పథకం చిన్నదే. షాక్‌కు ఎక్కువగా ఇద్దర్ని కాపలా పెట్టడం మిగతా జట్ల అలవాటు. అట్లా పెడితే మిగతావాళ్లు ఖాళీగా దొరుకుతారు. డెట్రాయిట్ ఆ పని చేయలేదు. ‘షాక్‌ను బెన్ ఒక్కడే చూసుకుంటాడు, మిగతా నలుగురం మా మా మనుషుల్ని వదలం’ అన్నారు. ఒంట్లో తనకన్నా పెద్ద కొండను బెన్ వీపున వేసుకున్నాడు. షాక్ పాయింట్లు వేశాడు, సగటున 26 దాకా. వేయనీ! కోబీకి మాత్రం ఊపిరాడలేదు. వందకు 38 మాత్రమే పడ్డాయి. మూడో మ్యాచ్‌లో లేకర్స్ మొత్తం కలిపి చేసింది 68 పాయింట్లే. మలోన్‌కు మోకాలు దెబ్బ తగిలిన మాట నిజమే. కానీ 4-1 తేడాకు అదొక్కటే కారణమంటే న్యాయం కాదు.

జూన్ 15, ఐదో మ్యాచ్. డెట్రాయిట్ 100, లేకర్స్ 87. బెన్ వాలెస్ 18 పాయింట్లు, 22 రీబౌండ్లు. డెట్రాయిట్‌కు 1990 తర్వాత మళ్లీ అదే కప్పు. సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం బిలప్స్‌కు వెళ్లింది. బిలప్స్ దానికి తగినోడే, కాదనం. కానీ ఎనిమిదేళ్ల కిందట పదమూడో పేరుగా పిలిపించుకున్న కోబీ ఓ పక్క, ఏ పేరుగానూ పిలిపించుకోని బెన్ ఇంకో పక్క. కప్పు ఎటు వచ్చిందో చూశారుగా!

ఆ ఊరి జనం మర్చిపోలేదు. బెన్ గుబురు జుట్టులాంటి విగ్గులు పెట్టుకుని స్టేడియానికి వచ్చేవారు. పాయింట్లు వేయనోడి కోసం జనం విగ్గులు పెట్టుకుని రావడం ఏ ఆటలో చూస్తాం?

ఎదుటి వాదన కూడా వినాలి

మా గదుల్లో వాదన ఒకవైపే నడవదు. ‘ఏం గొప్ప? దాడిలో నలుగురితోనే ఆడినట్టు కదా’ అంటారు కొందరు. అందులో నిజం ఉంది. ఆయన బంతి వేయలేడని ఎదుటివాళ్లు ఆయన్ను వదిలేసి మిగతావాళ్ల మీద పడేవాళ్లు. ఫ్రీ త్రోలు తప్పుతాడని కావాలనే ఫౌల్ చేసేవాళ్లు. ఆ లోటు చివరిదాకా తీరలేదు.

గొడవల మచ్చ కూడా ఉంది. 2004 నవంబరు 19న ఇండియానాతో మ్యాచ్ చివర్లో రాన్ ఆర్టెస్ట్ ఫౌల్ చేస్తే బెన్ అతణ్ని గట్టిగా తోసేశాడు. అక్కడ మొదలైన గొడవ ప్రేక్షకుల దాకా పాకి ఎన్‌బీఏకే తలవంపులు తెచ్చింది. బెన్ మీద ఆరు మ్యాచ్‌ల నిషేధం పడింది.

ఇంకో విమర్శ డబ్బు గురించి. 2005 ఫైనల్లో శాన్ ఆంటోనియో చేతిలో 4-3తో ఓడాక, 2006లో డెట్రాయిట్ 64 మ్యాచ్‌లు గెలిచినా ఫైనల్ చేరలేదు. ఆ వేసవిలో షికాగో నాలుగేళ్లకు 6 కోట్ల డాలర్లు ఇస్తానంది. డెట్రాయిట్ అంతకన్నా తక్కువ చెప్పింది. బెన్ షికాగో వెళ్లిపోయాడు. ‘డబ్బు కోసం జట్టును వదిలాడు’ అని తిట్టినోళ్లు తిట్టారు. ఈ మాట దగ్గర మాత్రం మేం ఒప్పుకోం. ఒంటిని అరగదీసుకునే పనికి ఆయుష్షు తక్కువ. 31 ఏళ్ల వయసులో, ఆరేళ్లు తక్కువ జీతానికి చేసినోడు మంచి జీతం దొరికిన చోటికి పోతే తప్పేంటి? ఇల్లూ వాకిలీ వదిలి సముద్రం దాటినోళ్లం, ఆ లెక్క మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కడ మునుపటి బెన్ కనిపించలేదన్నది కూడా నిజమే. వయసు మీద పడింది, చుట్టూ ఉన్న జట్టు మారింది. 2008లో షికాగో క్లీవ్‌లాండ్‌కు పంపేసింది. ఆయన వెళ్లాక కూడా డెట్రాయిట్ రెండేళ్లు ఫైనల్ ముందు మెట్టు దాకా వచ్చింది. ఆ గడప మాత్రం దాటలేదు. దీన్నిబట్టి మాకు తెలిసేది ఒకటే. కాపలా కాసేవాడి విలువ ఒంటరిగా తేలదు, పక్కన నిలబడ్డ నలుగురితో కలిపే తేలుతుంది. ఆ నలుగురి విలువా వాడితో కలిపే తేలుతుంది.

ఆలస్యంగా తెరిచిన తలుపు

2009లో బెన్ మళ్లీ డెట్రాయిట్‌కే వచ్చాడు. 2012లో ఆట ముగించాడు. 2016 జనవరి 16న ఆయన వేసుకున్న 3వ నంబరు చొక్కాను ఇంకెవరికీ ఇవ్వకుండా జట్టు పైకప్పుకు వేలాడదీసింది. హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరుచుకోవడానికి మాత్రం 2021 దాకా పట్టింది. ఆధునిక కాలంలో డ్రాఫ్ట్‌లో పేరు రాకుండా ఆటగాడిగా అక్కడికి చేరిన మొదటివాడు ఆయనే.

అదే ఏడాది ఎన్‌బీఏ 75 ఏళ్ల పండుగకు 76 మంది మేటి ఆటగాళ్ల జాబితా ప్రకటించారు. అందులో బెన్ వాలెస్ లేడు. ఏటా ఇచ్చే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతిని ఆయన 2002, 2003, 2005, 2006ల్లో నాలుగుసార్లు గెలిచాడు. అంతకుముందు డికెంబే ముటాంబో ఒక్కడే నాలుగుసార్లు గెలిచాడు. 2024లో రూడీ గోబేర్ ఆ లెక్కకు చేరాడు. అదే పాయింట్లు వేయడంలో నాలుగుసార్లు మొదటివాడుగా నిలిచి ఉంటే జాబితాలో పేరు లేకుండా పోయేదా? మీరే చెప్పండి.

మొత్తం ఆటలో ఆయన పట్టిన రీబౌండ్లు 10 వేలు దాటాయి. వేసిన పాయింట్లు 6 వేల పైచిలుకు. వేసిన దానికన్నా పట్టుకున్నదే ఎక్కువ! అంత పెద్ద లీగ్‌లో పదహారేళ్లు ఇట్లా నెట్టుకురావడం మాటలు కాదు.

ఈ శుక్రవారం కబాయన్లు ఆడుతుంటే ఓసారి వెళ్లి చూడండి. 2027లో ప్రపంచ కప్ మ్యాచ్ చూసే అవకాశం దొరికితే అక్కడా చూడండి. బంతి గాల్లోకి లేవగానే అందరి కళ్లూ దాని వెంటే పోతాయి. మీరు మాత్రం రెండు సెకన్లు కిందికి చూడండి. బుట్ట కింద ఎవడో ఒకడు ఎదుటోణ్ని వీపుతో ఆపుతూ, మోకాళ్లు వంచి, చోటు పట్టుకుని ఉంటాడు. బంతి వచ్చి వాడి చేతిలో పడితే, పాయింటు ఎవరు వేసినా సరే, ముందు వాడికి ఓ చప్పట్టు కొట్టండి.